నిధి బరువెంత?

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో, ముఖ్యంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి మంత్రతంత్రాల సాహస ఆటల్లో, డబ్బంటే లోహపు నాణేలే. నోట్లుండవు, బ్యాంకు ఖాతాలుండవు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ప్రతి ఆటగాడి ముందూ ఒక కాగితం ఉంటుంది. పాత్ర బలమెంత, ఒంటిమీద ఏ కవచముంది, చేతిలో ఏ కత్తి ఉంది, సంచిలో తాడూ దివిటీలూ ఎన్ని, నాణేలెన్ని, అన్నీ అందులో రాసుకోవాలి. నేలమాళిగలో పెట్టె మూత తెరిచి పదివేల నాణేలు దొరికాయనగానే కాగితం మీద ఆ అంకె వేసుకోవడం క్షణంలో పని. వాటిని ఎత్తుకుని బయటపడటం వేరే సంగతి. ఆ రెండో పనికి ఉన్న నియమాల్నే ఈ ఆటల్లో ఎన్‌కంబరెన్స్ అంటారు. పాత్ర మోయగలిగిన భారమెంత, ఆ భారం పెరిగేకొద్దీ నడక ఎంత మందగిస్తుంది అని చెప్పే నియమాలవి.

ఇప్పుడు ఎక్కువమంది ఆడుతున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు 2014లో వచ్చింది. అందులో నాణేల నియమం ఒక్క ముక్కలో ఉంది: ఏ లోహమైనా సరే, 50 నాణేలు ఒక పౌండు. పౌండంటే 453.6 గ్రాములు కాబట్టి ఒక్కో నాణెం 9.07 గ్రాములు తూగుతుంది. అంటే కాసుకు కొంచెం ఎక్కువ, తులానికి కొంచెం తక్కువ. చేత్తో పట్టి చూడాలనుకుంటే మన 20 రూపాయల బిళ్ల ఉంది. అది 8.54 గ్రాములు, దాదాపు అంతే. అదే పుస్తకంలో నాణెం బరువు ఔన్సులో మూడో వంతు అని కూడా రాశారు. ఆ లెక్కన 48 నాణేలకే పౌండు నిండిపోవాలి. 50 అన్నది గుండ్రని సంఖ్య కాబట్టి పెట్టుకున్నారు. 4 శాతం తేడా కోసం ఆటలో ఎవరూ తగాదా పడరు.

దీనికి నోటిలెక్క సులువు. నాణేల సంఖ్యను రెట్టింపు చేసి, చివరి రెండు అంకెలు కొట్టేస్తే పౌండ్లు వస్తాయి. 9,800 నాణేలైతే 19,600, అంటే 196 పౌండ్లు. కిలోల్లో కావాలంటే వెయ్యి నాణేలకు తొమ్మిది కిలోలని గుర్తుంటే చాలు.

పది నాణేల పౌండు

ఈ 50 అన్న అంకె మొదటినుంచీ ఉన్నది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి కూర్పు 1974లో వచ్చింది. అందులో నాణేల్ని పౌండ్లలో తూచలేదు, వస్తువుల్నే నాణేలతో తూచారు. తోలు కవచం 250 బంగారు నాణేల బరువు, గొలుసు కవచం 500, ఇనుప రేకు కవచం 750. మనిషి బరువు 1,750 నాణేలు. చచ్చిన తోటివాణ్ణి మోసుకెళ్లాల్సి వస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా ఇచ్చారు. 1,750 నాణేల్ని 175 పౌండ్ల మనిషిగా తీసుకుంటే పౌండుకు 10 నాణేలు. 1978లో అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమావళి, 1981లో వచ్చిన బేసిక్, ఎక్స్‌పర్ట్ పుస్తకాలు ఈ 10 అన్న లెక్కనే పట్టుకున్నాయి. 1989లో అడ్వాన్స్‌డ్ రెండో కూర్పు దాన్ని 50 చేసింది. 2000లో వచ్చిన మూడో కూర్పు, దాని బాటలో 2009లో వచ్చిన పాత్‌ఫైండర్, ఆ తర్వాత ఐదో కూర్పు 50 దగ్గరే నిలిచాయి.

పౌండుకు 10 అంటే ఒక్కో నాణెం 45 గ్రాములు, నాలుగున్నర తులాల పైమాటే. నిజ జీవితంలో చేతులు మారిన బంగారు నాణేల్లో ఇంత బరువైనవి అరుదు. పెద్ద నాణెంగా పేరుపడ్డ అమెరికా 20 డాలర్ల బంగారు నాణెం, డబుల్ ఈగిల్, 33.4 గ్రాములే. అయితే పాత నియమాల్లో నాణెం అన్నది అచ్చంగా బరువు కొలత కూడా కాదు. వస్తువు ఎంత తూగుతుంది, మోయడానికి ఎంత ఇబ్బంది పెడుతుంది అన్న రెండింటినీ ఒక్క అంకెలో కుదించారు. అందుకే పొడవు కత్తికి 60 నాణేల భారం కట్టారు. పది చొప్పున లెక్కేస్తే అది ఆరు పౌండ్లు. అసలైన ఒంటిచేతి కత్తులు రెండున్నర, మూడు పౌండ్లకు మించి ఉండవు. నడుముకు వేలాడే కత్తి కాళ్లకు అడ్డం పడుతుంది కాబట్టి అదనంగా వేశారని సమర్థించుకోవచ్చు. నాణేలకు మాత్రం ఆ సమర్థన పనికిరాదు. సంచిలో వేసిన నాణెం కన్నా బుద్ధిగా సర్దుకునే వస్తువు లేదు.

మరి అంత బరువు ఎందుకు పెట్టారు? పాత కూర్పుల్లో పాత్ర ఎదగాలంటే కావలసిన అనుభవ పాయింట్లు ఎక్కువగా నిధి నుంచే వచ్చేవి. ఒక బంగారు నాణెం విలువ చేసే సొత్తు బయటికి తెస్తే ఒక పాయింటు. రాక్షసుణ్ణి చంపితే వచ్చేది దాని ముందు చిల్లర. అంటే ఆట మొత్తం మోతమీద నడిచింది. 1981 బేసిక్ ఆటలో యోధుడు రెండో స్థాయికి ఎదగడానికి 2,000 పాయింట్లు కావాలి. అవన్నీ బంగారంగానే దొరికాయనుకుంటే 2,000 నాణేలు, అంటే 200 పౌండ్లు, సుమారు 91 కిలోలు. ఆ ఆటలో ఒక పాత్ర మోయగల గరిష్ఠ భారం 1,600 నాణేలు. ఒంటిమీద నూలుపోగు లేకుండా వెళ్లినా ఒక్క విడతలో తేలేడు. అదే విలువ వెండిలో ఉంటే 20,000 నాణేలు, 907 కిలోలు. కంచరగాడిదలు, కూలీలు, రెండో ప్రయాణం, మూడో ప్రయాణం, దారిలో కాచుకున్న దొంగలు, ఇవన్నీ ఆటలోకి వచ్చిపడేవి. 45 గ్రాముల నాణెం లోహశాస్త్రం దృష్టిలో తప్పు, ఆట దృష్టిలో మహా తెలివైన పని. నిధికి అనుభవ పాయింట్లిచ్చే పద్ధతి తర్వాతి కూర్పుల్లో పోయింది. ఆ పద్ధతి పోయాక నాణేల బరువుకు మునుపటి పట్టు ఉండదు. రెండో కూర్పులో ఒక్కసారిగా ఐదో వంతుకు తగ్గించినా పెద్దగా గొడవ లేకపోవడంలో వింత లేదు.

ఒక నిధి, ఇద్దరు మనుషులు

ఐదో కూర్పు డంజన్ మాస్టర్ గైడ్‌లో నిధుల పట్టికలున్నాయి. పాచికలు వేసి ఎన్ని నాణేలు దొరికాయో తేల్చుకోవాలి. మధ్యస్థాయి శత్రువుల నిధికి సగటు ఇది: 700 రాగి, 7,000 వెండి, 2,100 బంగారం. మొత్తం 9,800 నాణేలు, 196 పౌండ్లు, 89 కిలోలు. బంగారు నాణేల లెక్కలో విలువ కట్టాలంటే పది వెండి ఒక బంగారం, నూరు రాగి ఒక బంగారం. రాగి 7, వెండి 700, అసలు బంగారం 2,100. మొత్తం 2,807.

ఈ నిధి ముందు ఇద్దరు నిలబడ్డారనుకుందాం. ఒకడు యోధుడు, బలం 16. గొలుసు కవచం 55 పౌండ్లు, డాలు 6, పొడవు కత్తి 3. వీపున ప్రయాణపు సామాను, అంటే పక్కబట్ట, పది దివిటీలు, పది రోజుల తిండి, నీళ్ల తిత్తి, తాడు వగైరా, 59 పౌండ్లు. మొత్తం 123. రెండోవాడు మంత్రగాడు, బలం 8. అతని దుస్తులు, మంత్రాల పుస్తకం, కర్ర, చిన్నాచితకా కలిపి 35 పౌండ్లు.

మామూలు నియమం ప్రకారం మోయగలిగిన భారం బలానికి 15 రెట్లు. యోధుడికి 240 పౌండ్లు, మంత్రగాడికి 120. యోధుడికి ఇంకా 117, మంత్రగాడికి 85, కలిపి 202 పౌండ్ల చోటుంది. 196 పౌండ్ల నిధి మొత్తం ఎత్తుకుని, నడక తగ్గకుండా వెళ్లిపోవచ్చు. నియమం ఒప్పుకుంటుంది. ఒళ్లు ఒప్పుకోదు. బలం 8 ఉన్నవాడు సగటు మనిషికన్నా పీలగా ఉంటాడు. అలాంటివాడు 54 కిలోలు మోస్తూ మామూలుగా నడవడం, పరుగెత్తడం కుదిరే పని కాదు.

అందుకే అదే పుస్తకంలో ఇష్టముంటే వాడుకోమని ఇంకో కఠినమైన నియమం ఇచ్చారు. బలానికి 5 రెట్లు దాటితే నడక 10 అడుగులు తగ్గుతుంది. 10 రెట్లు దాటితే 20 అడుగులు తగ్గడమే కాదు, కత్తి దూయడం నుంచి గోడ ఎక్కడం దాకా ఒంటితో చేసే ప్రతి పనీ కష్టమవుతుంది. మామూలు నడకే ఆరు సెకన్లకు 30 అడుగులు కాబట్టి రెండో దెబ్బ తగిలినవాడు దాదాపు పాకుతున్నట్టే. ఈ నియమం కింద యోధుడి హద్దులు 80, 160. అతను ఇంకా ఒక్క నాణెం ముట్టకముందే 123తో మొదటి హద్దు దాటేశాడు. రెండో హద్దుకు 37 పౌండ్లు మిగిలాయి. మంత్రగాడి హద్దులు 40, 80. రెండోదానికి 45 పౌండ్లుంది. ఇద్దరూ కలిసి 82 పౌండ్లు, అంటే 4,100 నాణేలు తీసుకోగలరు. దొరికినదాంట్లో సగం కూడా కాదు.

ఇక్కడే లెక్క రుచికరంగా మారుతుంది. ముందు బంగారం మొత్తం ఎత్తాలి: 2,100 నాణేలు, 42 పౌండ్లు. మిగిలిన 40 పౌండ్లలో 2,000 వెండి పడుతుంది. రాగి జోలికి వెళ్లనక్కర్లేదు. వదిలేసినవి 5,000 వెండి, 700 రాగి. బరువులో 58 శాతం అక్కడే ఉండిపోయింది. విలువలో చూస్తే తెచ్చుకున్నది 2,300, అంటే 82 శాతం. బరువు లెక్క తెలిసిన ఆటగాళ్లు నిధిని చూసి ఎన్ని నాణేలని అడగరు, పౌండుకు ఎంత పలుకుతుందని అడుగుతారు. పౌండు బంగారం 50, పౌండు వెండి 5, పౌండు రాగి అర బంగారు నాణెం. ప్లాటినం నాణెం పది బంగారు నాణేలతో సమానం కాబట్టి పౌండు ప్లాటినం 500.

లెక్కపెట్టడానికీ సమయం పడుతుంది. సెకనుకు ఒక నాణెం చొప్పున 9,800 నాణేలకు రెండు గంటల 43 నిమిషాలు. ఐదో కూర్పులో ఒక దివిటీ గంటసేపు వెలుగుతుంది. నిధి లెక్క పూర్తయ్యేసరికి మూడో దివిటీ కూడా అయిపోవస్తుంది. తక్కెడ ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి. అన్ని లోహాలకూ బరువు ఒకటే అన్న నియమానికి ఉన్న గొప్ప లాభం అదే. కలగాపులగంగా ఉన్న సంచిని తూచినా ఎన్ని నాణేలో తెలిసిపోతుంది. ఏవి ఎన్నో తెలియదు, అంతే.

బరువు ఒకటే, సైజు ఒకటి కాదు

అన్ని నాణేల బరువూ సమానమైతే వాటి సైజు సమానంగా ఉండటం అసాధ్యం. ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములు, వెండి 10.49, బంగారం 19.3, ప్లాటినం 21.45. కాబట్టి 9.07 గ్రాముల రాగి నాణెం ఒక ఘన సెంటీమీటరుకు పైచిలుకు చోటు తీసుకుంటుంది. అదే బరువున్న బంగారు నాణేనికి అందులో సగం కూడా అక్కర్లేదు, 0.47 చాలు. మందం అన్నిటికీ 2 మిల్లీమీటర్లే అనుకుంటే రాగి నాణెం వ్యాసం 25 మిల్లీమీటర్లు, వెండిది 23.5, బంగారానిది 17, ప్లాటినానిది 16 వస్తుంది. పుస్తకాల బొమ్మల్లో అరచేతంత బంగారు నాణేలు మిలమిలలాడుతుంటాయి. నియమం ప్రకారం చూస్తే ఖరీదైన నాణేలే చిన్నవి. పైగా ఇది మేలిమి లోహానికి కట్టిన లెక్క. అసలు నాణేల్లో గట్టిదనం కోసం కల్తీ లోహం కలుపుతారు. బ్రిటిష్ సావరిన్ 22 క్యారెట్లది. కల్తీ కలిసేకొద్దీ సాంద్రత తగ్గి సైజు కొద్దిగా పెరుగుతుంది.

సాంద్రత సంగతి తెలిశాక సంచులు, పెట్టెల నియమాలు విచిత్రంగా కనిపిస్తాయి. ఐదో కూర్పులో వీపుసంచి ఒక ఘనపుటడుగు సామాను లేదా 30 పౌండ్లు పడుతుంది. ఘనపుటడుగంటే 28.3 లీటర్లు. 30 పౌండ్ల బంగారం, అంటే 1,500 నాణేలు, గట్టిగా పోతపోస్తే 0.7 లీటరు. నాణేలు సంచిలో చిందరవందరగా పడతాయి కాబట్టి మధ్యలో ఖాళీలుంటాయి. చోటులో 60 శాతం లోహం, మిగతాది గాలి అనుకుంటే 1.2 లీటర్లు. అంటే బంగారంతో నిండిన వీపుసంచి అడుగున ఒక పిడికెడు మూటలా కూర్చుంటుంది, మిగతా సంచి ఖాళీ. కుట్లు మాత్రం పిగిలిపోతుంటాయి.

దీన్ని తిరగేసి చూస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. అదే పుస్తకంలో చెక్కపెట్టెకు 12 ఘనపుటడుగులు, 300 పౌండ్ల హద్దు. ఆ పెట్టెను సినిమాల్లోలా మూతదాకా బంగారు నాణేలతో నింపితే? 12 ఘనపుటడుగులు 340 లీటర్లు. అందులో 60 శాతం బంగారమైతే సుమారు 3,900 కిలోలు. నాలుగు టన్నులకు కాస్త తక్కువ. పెట్టె సంగతి దేవుడెరుగు, కింది నేల నిలుస్తుందా అని చూసుకోవాలి. నాణేలను వరసగా పేర్చి గొట్టాల్లా సర్దితే చోటులో 90 శాతం దాకా లోహమే పడుతుంది. అప్పుడు ఆరు టన్నులకు దగ్గరవుతుంది. ఏ సంచి విషయంలోనైనా ముందు తగిలే హద్దు బరువుదే, చోటుది కాదు. మంత్రసంచి బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్‌ది కూడా అదే కథ. దానికి 500 పౌండ్లు, 64 ఘనపుటడుగుల హద్దులున్నాయి. 25,000 బంగారు నాణేలతో బరువు హద్దు నిండుతుంది. చోటు హద్దులో అది తొంభయ్యో వంతు.

డ్రాగన్ నిద్రపోయే బంగారు గుట్ట ఈ లెక్కకు నిలవదు. అత్యున్నత స్థాయి శత్రువుల నిధికి ఐదో కూర్పు పట్టిక ఇచ్చే సగటు 42,000 బంగారు నాణేలు, 28,000 ప్లాటినం నాణేలు. మొత్తం 70,000. వినడానికి కళ్లు తిరిగే సంఖ్య. బరువు 1,400 పౌండ్లు, 635 కిలోలు. ఎంత చోటు పడుతుంది? బంగారం 20 లీటర్లకు కాస్త తక్కువ, ప్లాటినం 12కు కాస్త తక్కువ. వదులుగా పోస్తే అన్నీ కలిసి 53 లీటర్లు. ఇళ్లకు తెచ్చిచ్చే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు మూడుంటే మొత్తం పట్టేసి ఇంకా వెలితి ఉంటుంది. వందడుగుల డ్రాగన్‌కు దిండుకు కూడా చాలదు. గుట్ట కావాలంటే విలువ పెంచక్కర్లేదు, లోహం మార్చాలి. అదే విలువను రాగిలో పోస్తే 3 కోట్ల 22 లక్షల నాణేలవుతాయి. 290 టన్నులు. పడుకోవడానికి గుట్ట సరిపోతుంది, దోచుకోవడానికి ఎవరూ రారు.

అసలు నాణేలు ఎంత తూగేవి?

చరిత్రలోకి చూస్తే 9 గ్రాముల బంగారు నాణెం అసాధ్యమేమీ కాదు, కాని సాధారణం కాదు. రోము చక్రవర్తి ఆగస్టస్ కాలపు ఆరియస్ 8 గ్రాములకు దగ్గర. కాన్‌స్టంటైన్ మొదలుపెట్టిన సాలిడస్‌ను రోమన్ పౌండుకు 72 చొప్పున కొట్టేవారు, ఒక్కోటి నాలుగున్నర గ్రాములు. ఉమయ్యద్ ఖలీఫాల సంస్కరణ తర్వాతి బంగారు దీనారు 4.25 గ్రాములు. ఫ్లారెన్స్ నగరం 1252లో తెచ్చిన ఫ్లోరిన్, వెనిస్ 1284లో తెచ్చిన డకట్ రెండూ మూడున్నర గ్రాములే. విజయనగర రాజుల వరహా కూడా ఆ తూకమే, సుమారు 3.4 గ్రాములు. యూరప్, అరబ్బు దేశాలు, దక్కన్, మూడుచోట్లా బంగారు నాణెం మూడున్నర, నాలుగున్నర గ్రాముల మధ్యకే వచ్చి ఆగింది. మొగలుల మొహరు మాత్రం 11 గ్రాముల దాకా తూగి ఆట నాణేన్ని మించుతుంది. షేర్ షా వెండి రూపాయి కూడా అంతే. కాని ఆట ఎక్కువగా ఊహించుకునేది మధ్యయుగపు యూరప్‌ను. అక్కడి రోజువారీ నాణెం ఇంగ్లండు వెండి పెన్నీ ఒకటిన్నర గ్రాము కూడా లేదు.

ఈ తూకాలతో లెక్క మారుస్తే పౌండుకు ఫ్లోరిన్లు 128, వరహాలు 133, పెన్నీలు మూడు వందలకు పైగా వస్తాయి. పైన చూసిన 9,800 నాణేల నిధిని మూడున్నర గ్రాముల నాణేలుగా తూస్తే 34 కిలోలే. యోధుడు, మంత్రగాడు పంచుకుని ఎత్తుకుపోవచ్చు. చారిత్రక వాస్తవం మీద మక్కువ ఉన్నవాళ్లకు పౌండుకు 100 నాణేలు మంచి రాజీ. అప్పుడు నాణెం 4.5 గ్రాములు, అచ్చంగా సాలిడస్ తూకం. లెక్కా తేలికే, సంఖ్యలో రెండు అంకెలు కొట్టేస్తే పౌండ్లు. అడ్వెంచరర్, కాంకరర్, కింగ్ అనే ఆట ఇలాంటి తూకాన్నే తీసుకుంది. పది పౌండ్ల పైచిలుకు ఉండే స్టోన్ అనే కొలత పెట్టుకుని, స్టోనుకు వెయ్యి నాణేలంది.

రాగి దగ్గర ఆట చరిత్రకు ఊహించనంత దగ్గరగా వస్తుంది. బరువు ఎక్కువ, విలువ తక్కువ ఉన్న లోహంతో వ్యవహారం నడపాలంటే ఏమవుతుందో స్వీడన్ చేసి చూపించింది. వెండి కొరత, రాగి గనుల సమృద్ధి ఉన్న ఆ దేశం 17వ శతాబ్దంలో రాగిని అసలు విలువకే నాణేలుగా మార్చింది. 1644లో ముద్రించిన పది డాలెర్ల రాగి పలక ఒక్కటే 19.7 కిలోలు. ఆట లెక్కలో 2,170 రాగి నాణేల బరువు. జేబులో పెట్టుకునే డబ్బు కాదది, బండిలో వేసుకెళ్లే డబ్బు. యూరప్‌లో తొలి బ్యాంకు నోట్లను 1661లో స్టాక్‌హోమ్ బ్యాంకు జారీ చేయడానికి ఈ మోత ఒక ముఖ్య కారణం. చైనాలోని సిచువాన్‌లో ఇనుప నాణేల బరువు భరించలేక వర్తకులు కాగితం రసీదులు మొదలుపెట్టారు. 11వ శతాబ్దంలో ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఆటల్లోనూ మోత మితిమీరగానే ఆటగాళ్లు అదే దారి పడతారు. వెండిని పట్నంలో ప్లాటినంగా మార్చేస్తారు, రత్నాలు కొంటారు. పై నిధిలోని 7,000 వెండి నాణేలు 63 కిలోలు. అదే విలువ 70 ప్లాటినం నాణేల్లో 635 గ్రాములు. ఐదు వేల బంగారు నాణేల ఖరీదు చేసే రత్నం ఒకటి చేతికొస్తే 45 కిలోల మోత తప్పుతుంది. రత్నాలకు ఆ నియమావళి బరువే కట్టలేదు.

తూకం మానేసి గడులు

గత కొన్నేళ్లలో వచ్చిన ఆటలు చాలావరకు పౌండ్ల గొడవ వదిలేశాయి. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో కూర్పులో బల్క్ అనే కొలత ఉంది. వెయ్యి నాణేలు ఒక బల్క్. 999 ఉన్నా భారం సున్నాయే, 1,999 ఉన్నా ఒకటే. డంజన్ వరల్డ్‌లో వంద నాణేలకు ఒక భారం. షాడోడార్క్‌లో పాత్ర కాగితం మీద గడులుంటాయి, ఒక్కో వస్తువుకు ఒక్కో గడి. మొదటి వంద నాణేలకు గడి అక్కర్లేదు, ఆపైన ప్రతి వందకూ ఒకటి కావాలి. ఈ పద్ధతుల్లో గ్రాములు, సాంద్రతలు లేవు. ఉన్నదల్లా ఒక్క ప్రశ్న: ఈ వంద నాణేల కోసం తాడు వదిలేయాలా, దివిటీలు వదిలేయాలా? భౌతికశాస్త్రం ప్రకారం చూస్తే షాడోడార్క్ లెక్క అన్యాయం. వంద ఫ్లోరిన్లు అరకిలో కూడా ఉండవు. ఆట ప్రకారం చూస్తే 1974 నాటి బరువైన నాణేనికి అసలైన వారసత్వం దానిదే.

ఇప్పుడు ఎవరైనా తమ ఆటకు ఒక లెక్క ఎంచుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది నిధి మోయడం కథలో భాగమా కాదా అన్నదే. కాకపోతే 50 లెక్క పెట్టుకుని, వెయ్యి దాటేదాకా పట్టించుకోకుండా వదిలేయవచ్చు. భాగమే అయితే గడుల పద్ధతి అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. పౌండ్లలోనే ఆడాలనుకునేవాళ్లు ఐదో కూర్పులోని కఠిన నియమాన్ని తీసుకోవాలి. బలానికి 15 రెట్లన్న మామూలు నియమం నాణేల బరువును ఉందో లేదో తెలియకుండా చేస్తుంది. మెట్రిక్ అలవాటైన మన దగ్గర నాణెం 10 గ్రాములని, కిలోకు వందని పెట్టుకుంటే లెక్క ఇంకా తేలిక. పుస్తకం లెక్కకూ దీనికీ పది శాతమే తేడా. ఏది పెట్టుకున్నా ఆట మొదలుకాకముందే అందరికీ చెప్పాలి. పెట్టె తెరిచాక బరువు గుర్తుచేస్తే ఆటగాళ్లు ఒప్పుకోరు, వాదన తెల్లారేదాకా తెగదు.